లైను తనంతట తాను పోదు

పొందూరు బజారులో ఎవరినడిగినా చెబుతారు, లైన్‌మన్ సత్యానందం పాలు పోయించుకునేటప్పుడు కూడా గిన్నెలోకి చూడడని, పోసే మనిషి మొహంలోకి చూస్తాడని. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాడు. నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతాడు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆయన ఒక కన్ను గుమ్మం బయట విడిచిన చెప్పుల మీద ఉంచుతాడు. "పైనించి దేవుడు సూస్తన్నాడు గదా, నువ్వు కూడా సూడాలేటి?" అంటుంది ఆయన భార్య లీలారాణి. దేవుడికి చెప్పులు కాపలా కాసేంత తీరిక ఉంటుందని ఆయన అనుకోడు.

ఈ బుద్ధి పుట్టుకతో వచ్చింది కాదు. ముప్పై రెండేళ్ళు టెలిఫోను డిపార్టుమెంటులో స్తంభాలెక్కి దిగిన మనిషికి ఉద్యోగమే నేర్పింది. ఆ రోజుల్లో లైను పోయిందంటే వెనక తప్పకుండా ఒక చెయ్యి ఉండేది. రాగి కోసం తీగ కోసుకుపోయిన చెయ్యి, గడ్డి బండి మీద ఎత్తుగా మోపులేసి తీగను తెంపిన చెయ్యి, పక్కింటికి ఫోను వచ్చిందని కళ్ళలో నిప్పులు పోసుకుని గోడ మీద వైరు పీకిన చెయ్యి. మనిషి చెయ్యి దొరక్కపోతే ఎలక పళ్ళు దొరికేవి. లైను తనంతట తాను పోదు అన్నది ఆయన జీవితంలో నేర్చుకున్న పెద్ద పాఠం. ఆఫీసులో ఫాల్టు రిజిస్టరు అని ఒక పొడుగాటి పుస్తకం ఉండేది. అందులో చివరి గడి "కారణం". ముప్పై రెండేళ్ళలో సత్యానందం ఆ గడిని ఒక్కసారి కూడా ఖాళీగా వదల్లేదు. దొంగ, లారీ, ఎలక, కాకి, కొబ్బరిమట్ట అని ఎవరో ఒకరి పేరు, ఏదో ఒక పేరు రాసే ఇంటికి వెళ్ళేవాడు.

వాటిలో ఆయన గర్వంగా చెప్పుకునేది సూరయ్య సంగతి. పాతికేళ్ళ కిందట పొందూరు కూడలిలో సూరయ్య ఎస్‌టీడీ బూత్ నడిపేవాడు. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆ బూత్ లైను పోయేది, ఎండ చల్లబడితే వచ్చేది. సత్యానందం నాలుగుసార్లు వెళ్ళి చూశాడు. తీగ తెగలేదు, ఎలక లేదు. బేరం లేని వేళ బూత్ యజమానే వైరు పీకి, బిల్లు మీటరుకు ఎక్కకుండా దొంగ కాల్స్ చేసుకుంటున్నాడని రాసేశాడు. పైవాళ్ళు వచ్చారు, బూత్ పోయింది. "పట్టీసినాను" అని ఇప్పటికీ చెబుతుంటాడు. సూరయ్య మాత్రం ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. దొంగ దొరికిపోయాక ఎలా మాట్లాడతాడు అని సత్యానందం సమాధానపడ్డాడు.

డిపార్టుమెంటు నుంచి స్వచ్ఛందంగా విరమణ తీసుకున్నాక ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఆరు నెలల్లో పాలావిడ మానేసింది, చాకలి మానేసింది, కూరలమ్మే బుల్లమ్మ వీధి మార్చుకుంది. లీలారాణి తట్టుకోలేక తానే వెళ్ళి, బ్రాడ్‌బ్యాండ్ ఫ్రాంచైజీ నడుపుతున్న తిరుమలరావును బతిమాలి ఆయనకు పని ఇప్పించింది. ఇప్పుడు రాగి తీగలు లేవు. వెంట్రుకంత గాజు పోగులో కరెంటుకు బదులు వెలుతురు ప్రయాణం చేస్తుంది. విజయనగరంలో రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. వెళ్ళాడు, వచ్చాడు, సంచి భుజాన వేసుకున్నాడు.

పొందూరికి నాలుగు మైళ్ళలో మెట్టవలస అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్ళో దుర్గాభవాని అనే కోడలు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. నీళ్ళ మోటార్ల కంపెనీకి రైతులు ఫోను చేసి మా పంపు తిరగట్లేదు, మా మోటారు కాలిపోయింది అంటే, విని, విషయం కనుక్కుని, మెకానిక్‌ను పంపించే పని. కంపెనీ వాళ్ళు విశాఖ ఆఫీసు నుంచి ఒక నల్లటి ఫోను పంపించారు. చూడ్డానికి మామూలు బల్ల ఫోనే గానీ అది ఇంటర్నెట్ మీద నడుస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ డబ్బాలో దాని వైరు గుచ్చితే చాలు, విశాఖ ఆఫీసులో బల్ల మీద ఉన్నట్టే. దుర్గాభవాని భర్త నౌపడ ఉప్పుమడుల దగ్గర మేస్త్రీ, వారానికొకసారి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, అత్త తవిటమ్మ. ఏడాది పాటు ఆ ఫోను ఏ గొడవా లేకుండా మోగింది.

ఆషాఢంలో ఒక క్రేను ఊళ్ళోంచి పోతూ స్తంభం నుంచి వాళ్ళ ఇంటికి వచ్చే తీగను తెంపుకుపోయింది. సత్యానందం వెళ్ళి కొత్త తీగ లాగాడు. మిగిలిన పది బారల తీగను చేతిగాజంత చిన్నగా, బిగుతుగా చుట్టి, పురికొసతో నడుం బిగించి, వసారా గోడకు పెద్ద మేకు కొట్టి తగిలించాడు. రాగి రోజుల నుంచి అది ఆయన చేతి సంతకం. స్తంభాన ఆ చుట్ట కనిపిస్తే చాలు, సత్యానందం వచ్చి వెళ్ళాడని డిపార్టుమెంటులో చెప్పుకునేవారు. తవిటమ్మ ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పి నవ్వించి వచ్చేశాడు.

వారం తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. పగలు పదిన్నర దాటాక మాట ముక్కలు ముక్కలవుతుందట. అవతలివాళ్ళది వినిపించదు, ఈమెది అవతలికి చేరదు, కాసేపటికి కాల్ తెగిపోతుందట. మధ్యాహ్నం రెండు దాటితే మళ్ళీ మామూలే. ఆఫీసు కంప్యూటరు మనుషులు అక్కడి నుంచే ఫోను సెట్టింగులన్నీ మార్చి చూశారు. తమ వైపు తప్పు లేదన్నారు.

సత్యానందం సాయంత్రం నాలుగింటికి వెళ్ళాడు. డబ్బా మీద దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. తన సెల్‌లో ఒక వీడియో పెట్టి చూశాడు, గడగడా నడిచింది. వెలుతురు కొలిచే మీటరు సంచిలోంచి తీయనే లేదు. తన చేత్తో లాగిన లైనును మళ్ళీ కొలవడమేమిటి అనుకున్నాడు. రెండోసారి అయిదింటికి వెళ్ళాడు, అప్పుడూ అంతే. ఆ రెండోసారి ఒక సంగతి ఆయన కళ్ళబడింది. ఫోనెత్తితే దుర్గాభవాని "నమస్కారమండీ, చెప్పండి, మీకెలా సహాయపడగలను" అంటుంది. దించగానే "అత్తా, గంజి వార్సినావేటి?" అంటుంది. రెండు గొంతులు, రెండు భాషలు. ఇలా గొంతు మార్చగలిగిన మనిషి ఏదైనా చేయగలదని ఆయనకు అనిపించింది. వంట వేళకు లైను పోవడం, అన్నాలయ్యాక రావడం. లైను తనంతట తాను పోదు.

రోడ్డు మీద బండి ఆపి, కంపెనీ యాప్‌లో రిపోర్టు రాసేశాడు. లైను బాగుంది, కస్టమరే మధ్యలో ఫోను ప్లగ్ తీస్తున్నట్టు అనుమానం అని. రాశాక ఆయనకు హాయిగా ఉంది. గడి నిండింది.

శుక్రవారం పొద్దున్న ఎవరూ పిలవకుండానే మెట్టవలస బయల్దేరాడు. ఇన్నాళ్ళూ తాను సాయంత్రాలే వెళ్ళాడు. ఆ పదిన్నర వేళకు అక్కడే ఉంటే చెయ్యి దొరికిపోతుంది కదా అన్నది ఆయన ఆలోచన.

పది గంటలకు గుమ్మంలో ఆయనను చూసి దుర్గాభవాని లేచి నిలబడింది. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోమనలేదు. సెల్ ఫోను తెరిచి ఆయన చేతికిచ్చింది.

"సదువు బాబాయ్. నువ్వు రాసిందే. మా ఆఫీసోలు రిపోర్టు అడిగితే మీ ఓనరు పంపించినాడు."

ఆయన రాసిన మాటలు ఆయనకే ఎదురొచ్చాయి. కింద ఆమె పై అధికారి అరుణశ్రీ రాసిన నాలుగు ముక్కలు ఉన్నాయి. కావాలని కాల్స్ కట్ చేస్తున్నట్టు తమకూ అనుమానంగానే ఉందని, శుక్రవారం కూడా ఇలాగే జరిగితే సోమవారం ఫోను తిరిగి పంపించేసి ఇక పనికి రానక్కర్లేదని.

"ఈ ఉద్యోగం పోతే పోనీ అనుకుందును బాబాయ్," అంది దుర్గాభవాని. "ఏడాదిపాటు జొరం వచ్చినా ఒక్క రైతుకి కూడా సమాధానం సెప్పకుండా ఫోను పెట్టనేదు. ఇప్పుడు దొంగ అనిపించుకుని పొమ్మంటన్నారు. నాను పీకినట్టు నువ్వు సూసినావేటి?"

చూడలేదు. చూడకపోయినా తెలుస్తుందని ముప్పై రెండేళ్ళుగా ఆయన నమ్మకం. "అందుకే వచ్చినానమ్మా, సూద్దునని," అని ముక్తసరిగా చెప్పి, ఒక స్టూలు తెచ్చుకుని సరిగ్గా ప్లగ్ ఎదురుగా కూర్చున్నాడు. పిల్లి ఎలక కన్నం ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆమెకు అది అర్థమయింది. తల తిప్పుకుని ఫోను దగ్గర కూర్చుంది.

కాల్స్ రావడం మొదలయ్యాయి. సత్యానందం ప్లగ్ మీద నుంచి చూపు తిప్పకుండా చెవులు అటు పెట్టాడు. ఎవరో రైతు పంపు నీళ్ళు తోడడం లేదని గోల పెడుతున్నాడు. కరెంటు వాళ్ళదే తప్పంటాడు, కాదు పక్క పొలం వాడు ఏదో చేశాడంటాడు. దుర్గాభవాని ఓపికగా అడుగుతోంది.

"అంతకుముందు బాగానే పని చేసిందా అండీ? మరి పాడవడానికి ముందు చివరిసారి దాని మీద చెయ్యి పెట్టింది ఎవరు?"

అవతలి నుంచి చిన్నగా ఏదో వినిపించింది.

"మీరేనా? అయితే ముందు మీరు బిగించిన చోటే ఒకసారి విప్పి చూడండి. తప్పేం లేదండీ, ఎవరికైనా జరుగుతుంది."

ఈ అమ్మాయికి పని తెలుసు అనుకున్నాడు సత్యానందం. వెంటనే, పని తెలిసినవాళ్ళే తెలివిగా మోసం చేస్తారు అని కూడా అనుకున్నాడు.

పదిన్నర దాటింది. పెరట్లో బట్టలుతికిన చప్పుడు ఆగింది. ఎవరో వసారాలో అటూ ఇటూ నడిచారు. ఆయన తల తిప్పలేదు. దుర్గాభవాని ఒక ముసలి రైతుతో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి ఆ ముసలాయన గొంతు సగం సగమై, తుంపులు తుంపులుగా వచ్చింది. "హలో, వినిపిస్తుందా అండీ, హలో" అంటూ ఆమె అరిచింది. ఫోను తెర మసకబారింది. డబ్బా మీద ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆమె రిసీవర్ బల్ల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తింది. పోలీసుల ముందు దొరికిన మనిషిలా అలాగే ఎత్తి పట్టుకుంది.

"సూడు బాబాయ్. నా సేతులెక్కడున్నాయో బాగా సూసుకో. ప్లగ్గు ఎక్కడున్నాదో కూడా సూసుకో."

ప్లగ్ గోడలోనే ఉంది. కూతురు వయసున్న పిల్ల తన ముందు చేతులెత్తి కూర్చుంది. ఆయన రాసిన ఒక్క ముక్క కోసం అలా కూర్చుంది. "దించమ్మా, దించు," అన్నాడు. సిగ్గు పడాల్సినంత సిగ్గూ పడ్డాడు. కానీ పాత బుద్ధి అంత తేలిగ్గా పోదు. ఈమె కాకపోతే ఇంకొకరు. చెయ్యి బయట ఉంది.

ఈసారి మీటరు తీశాడు. ఆ మీటరులో అంకె పెరిగే కొద్దీ వెలుతురు తగ్గినట్టు. ఇరవై లోపుంటే భేషుగ్గా ఉన్నట్టు, ఇరవై ఏడు దాటితే లైను కొనఊపిరితో ఉన్నట్టు. డబ్బాలోని తీగ ఊడదీసి మీటరుకు గుచ్చాడు. ఇరవై ఎనిమిది. పరుగున వెళ్ళి వీధి చివర స్తంభమెక్కి అక్కడి పెట్టెలో కొలిచి, దాని తీగ దానికి తగిలించేశాడు. పద్దెనిమిది. అంటే స్తంభానికీ ఇంటికీ మధ్య ఉన్న నూరు గజాల్లోనే ఎవరో వెలుతురు మింగేస్తున్నారు.

ఆ నూరు గజాల్లో తీగ అసిరమ్మ డాబా మీదుగా పోతుంది. అసిరమ్మకూ తవిటమ్మకూ మురుగుకాలవ దగ్గర పాత తగవు ఉందని ఊరంతటికీ తెలుసు. సత్యానందం అడగకుండానే ఆమె మేడ మెట్లెక్కాడు.

"ఎవులది?" అంది కింద నుంచి అసిరమ్మ.

"లైన్‌మన్ని. వైరు మీద ఎవులైనా సెయ్యి ఏసినారా అని సూస్తన్నాను."

"నీ వైరు నాకేటికి? ఉప్పులో ఏసుకుని తినడానికా? మాకు తగువుంటే ఎదురుగా నిలబడి ఆడుకుంటాం గానీ, ఎనకనించి తీగలు పీకే బుద్ధి మా ఇంటా వంటా నేదు. సూసుకుని బేగి దిగు."

చూశాడు. తీగకు ఒక్క గీత కూడా లేదు. గోడ మీద రెండు కోతులు కూర్చుని ఆయనను చూస్తున్నాయి. వాటిని కూడా ఆయన ఒక నిమిషం పాటు అనుమానంగా చూశాడు. అవి తీగ జోలికి పోలేదు. నూరు గజాలూ చేత్తో తడుముతూ వచ్చాడు. ఎక్కడా ఏమీ లేదు. దొంగ లేడు, ఎలక లేదు, కాకి లేదు. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి సత్యానందానికి భయం వేసింది.

తల వంచుకుని వసారాలోకి వస్తుంటే తడి బట్ట ఒకటి మొహానికి కొట్టుకుంది. తవిటమ్మ చీర. వసారా గుంజకు ఒక కొస, గోడ మేకుకు ఒక కొస కట్టి, మధ్యలో బరువుగా వేలాడుతోంది. ముతక నేత చీర, తడికి రెట్టింపు బరువెక్కింది. సత్యానందం చీర వెంట మేకు దాకా చూశాడు. చీర కొసముడి ఆయన చుట్ట మీదే పడి, దాన్ని లాగి పట్టుకుంది. గాజులా గుండ్రంగా ఉండాల్సింది చింతపిక్కలా నొక్కుకుపోయింది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి దొరికింది.

"అప్పా," అని గట్టిగా పిలిచాడు. "ఈ సీర ఇక్కడెవులు కట్టమన్నారు నీకు? కోడలి ఉద్యోగం తీసీడానికేటి?"

తవిటమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కోపం చూసి ఆమెకు బెరుకేమీ కలగలేదు.

"ఎవులేటి, నువ్వే సెప్పినావు గదా నాయినా. బయట దండెం మీద కోతులు రెండు సీరలు సింపీసినాయి. నువ్వు మేకు కొట్టిన్నాడు, ఇది దిట్టంగా ఉన్నాదా, సీర కట్టుకోవచ్చా అనడిగినాను. ఏనుగుని కట్టినా ఏటీ అవదప్పా, నా సేతి సుట్ట అది అన్నావు. నవ్వినావు కూడాను. ఆ మర్నాటి నించీ పెతీ పొద్దూ ఇక్కడే ఆరేస్తన్నాను. రెండింటికి తీసేస్తన్నాను."

అన్నాడు. ఒక్కో మాటా గుర్తొచ్చింది. రాగి తీగకైతే ఆ మాట నిజం కూడా.

ఆయన ముడి విప్పి చీర తీసి ఆమె చేతికిచ్చాడు. లోపల తీగకు మీటరు మళ్ళీ గుచ్చి వసారాలోకి వచ్చాడు. "ఎంత సూపిస్తన్నాది అమ్మా?" అని కేకేశాడు.

"ఇరవై అయిదు బాబాయ్," అంది దుర్గాభవాని లోపలి నుంచి.

పద్దెనిమిదో పంతొమ్మిదో రావాలి. చీర తీసేశాక కూడా ఇరవై అయిదంటే ఇంకా ఎవరో మింగుతున్నారు. మేకు మీద చుట్ట తప్ప ఇంకేమీ లేదు. సత్యానందం చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పాడవడానికి ముందు చివరిసారి దాని మీద చెయ్యి పెట్టింది ఎవరు అని పొద్దున్న ఆ పిల్ల రైతును అడిగిన మాట చెవిలో పడింది. ఆ తర్వాత విజయనగరం శిక్షణ గుర్తొచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం అక్కడి కుర్రాడు, ఇప్పుడు తీగ ఎలా చుట్టాలో చూద్దాం అన్నాడు. ముప్పై రెండేళ్ళు తీగ చుట్టినవాడికి వీడు చుట్టడం నేర్పుతాడేమిటని సత్యానందం లేచి టీ తాగడానికి బయటకు వెళ్ళిపోయాడు.

గాజు పోగు బిగుతుగా వంగితే వెలుతురు ఆ వంపులోనే కారిపోతుందని ఇప్పుడు తట్టింది. పురికొస కోశాడు. చుట్ట ఒళ్ళు విరుచుకున్నట్టు విచ్చుకుంది. దాన్ని అన్నం కంచమంత వెడల్పుగా, వదులుగా చేసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడు సెప్పమ్మా."

లోపల కాస్త ఆగి జవాబు వచ్చింది. "పంతొమ్మిది."

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన చేతిలో ఉన్నదాన్ని, తెగిపడిన పురికొసను, అత్త చేతిలోని తడి చీరను చూసింది. రోజంతా పంపుల జబ్బులు కనిపెట్టే మనిషి, ఆమెకు ఎవరూ వివరించక్కర్లేదు. వెనక్కి తిరిగి వెళ్ళి ఫోను దగ్గర కూర్చుంది. తిట్టి ఉంటే సత్యానందానికి తేలిగ్గా ఉండేది.

గోడకు ఎత్తులో రెండు మేకులు కొట్టి చుట్టను వదులుగా తగిలించాడు. తీగ డబ్బాకు పెట్టేశాడు. పని చేస్తూనే ఆయన మనసులో ఒక వాక్యం తయారైంది. కస్టమరు ఇంటి మనిషి తీగపై తడి బట్ట ఆరవేయడం వల్ల. అబద్ధం కూడా కాదది. గడి నిండుతుంది, పేరు నిలుస్తుంది. ఆ వాక్యం విశాఖకు చేరితే, ఇంటి పనుల వల్లే కాల్స్ పోయాయని వాళ్ళు మళ్ళీ ఈ పిల్ల మీదే వేస్తారని కూడా ఆయనకు తెలుసు.

నల్ల ఫోను ప్రాణం పోసుకుని మోగింది. దుర్గాభవాని ఎత్తింది. అవతల అరుణశ్రీ. గది చిన్నది, ఆమె గొంతు సత్యానందం దాకా వినిపిస్తోంది. మళ్ళీ పదిన్నరకే పోయావు, నలభై నిమిషాలు మాయమయ్యావు, ఇంకేం చెబుతావు అంటోంది. దుర్గాభవాని "మేడమ్, లైన్‌మన్ గారు ఇక్కడే..." అంటూ ఆగిపోయింది. సత్యానందం చెయ్యి చాచి రిసీవర్ తీసుకున్నాడు.

"మేడమ్, నాను లైన్‌మన్ సత్యానందాన్ని. ఆ అమ్మాయి తప్పు ఏటీ నేదండి. తీగ నాను తప్పుగా సుట్టినాను. అందుకే కాల్సు తెగతన్నాయి."

"మీరేనా ఆవిడ ప్లగ్ తీస్తోందని రాసింది?"

"నానేనండి."

"మొన్న అలా రాసి ఇవాళ ఇలా చెబుతున్నారు. ఈ మధ్యలో ఏం జరిగింది? ఆవిడ మీకు చుట్టమా? లేకపోతే ఎవరైనా చెప్పమన్నారా?"

అటువైపు మనిషి కనబడకపోయినా ఆ చూపు సత్యానందానికి బాగా తెలుసు. ప్రతి మాట వెనకా ఒక చెయ్యి కోసం వెతికే చూపు. ఇన్నేళ్ళూ ఆయన లోకాన్ని చూసిన చూపే అది. నిజం చెబుతున్నప్పుడు ఆ చూపు ముందు నిలబడితే ఎలా ఉంటుందో ఆయనకు ఇంతవరకూ తెలియదు.

"నమ్మకండి మేడమ్," అన్నాడు చివరికి. "నానైనా నమ్మను. ఒక్క పని సెయ్యండి. ఫోను పెట్టకుండా ఈ అమ్మాయితో మాటాడుతూ ఉండండి. నాను బయటికెల్లి మల్లీ ఎప్పటిలాగ పాడుసేస్తాను. మీ సెవులతో మీరే ఇనండి."

వసారాలోకి వచ్చి చుట్టను మళ్ళీ గాజంత బిగుతుగా చుట్టాడు. చేతులు వాటంతట అవే చుట్టేశాయి. పాత మేకుకు తగిలించి, తవిటమ్మ చేతిలోని చీర అడిగి తీసుకుని, కొసముడి దాని మీదే వేసి లాగి కట్టాడు.

"ఇప్పుడే బాగుసేసి మల్లీ పాడుసేస్తన్నావేటి నాయినా?" అంది తవిటమ్మ.

"పాడుసేసినోడు ఎవులో తెలవాలి గదా అప్పా."

లోపల దుర్గాభవాని మాట ముక్కలైంది. హలో, హలో అంది. తర్వాత అదీ ఆగిపోయింది. సత్యానందం చీర విప్పాడు, చుట్ట విప్పాడు, రెండు మేకుల మీదికి మార్చాడు. రెండు నిమిషాల తర్వాత ఫోను మళ్ళీ మోగింది. ఈసారి అరుణశ్రీ గొంతులో పదును తగ్గింది.

"సరే. విన్నాను. కానీ మాటలు నాకు పనికిరావు, మీ లైన్‌మన్ మొన్నది రాసి పంపారు కాబట్టి ఇది కూడా రాసే పంపాలి. ఇవాళ సాయంత్రం దాకా లైను పోకపోతే, సోమవారం నుంచి నీ పని యథాప్రకారం."

దుర్గాభవాని రిసీవర్ దించి, రెండు అరచేతుల్లో మొహం దాచుకుంది. అర నిమిషం ఏడ్చింది. ఆపైన మొహం తుడుచుకుంది. మళ్ళీ ఫోను మోగితే "నమస్కారమండీ, చెప్పండి" అని ఎత్తింది. ఆ గొంతు మార్పు ఇప్పుడు సత్యానందానికి మోసంలా అనిపించలేదు.

అరుగు మీద కూర్చుని యాప్ తెరిచాడు. కారణం దగ్గర వేలు పెడితే ఒక జాబితా వచ్చింది. ఎలుకలు, చెట్టు కొమ్మ, వాహనం, పిడుగు, కస్టమరు, ఇతరములు. లైన్‌మన్ అన్న మాట అందులో లేదు. ఆయన రిజిస్టరులోనూ ఎప్పుడూ లేదు. ఇతరములు నొక్కి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. లైన్‌మన్ తీగను తప్పుగా చుట్టినందువల్ల. కస్టమరు మీద ముందు రాసినది తప్పు. కింద పేరు రాసుకున్నాడు. రాశాక హాయిగా లేదు. తవిటమ్మకు వసారాలో రెండు గుంజల మధ్య కొత్త తాడు కట్టాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాడు. రెండు దాటి, మూడు దాటి, సాయంత్రం ఆమె డ్యూటీ దిగే దాకా అక్కడే కూర్చున్నాడు. ఒక్క కాల్ తెగలేదు. "ఎల్లొస్తానమ్మా," అంటే, ఆమె "జాగర్తగా ఎల్లు బాబాయ్," అంది.

దారి పొడుగునా ఆయన మనసు రిజిస్టర్లు వెనక్కి తిప్పుతూనే ఉంది. ఎలక అని రాసినవన్నీ ఎలకలవేనా. కాకి అని రాసినవన్నీ కాకులవేనా. పొందూరు కూడలికి వచ్చేసరికి బండి దానంతట అది నెమ్మదించింది. సూరయ్య బూత్ ఉన్న చోట ఇప్పుడు కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. సూరయ్యే కూర్చుని ఉన్నాడు, తల ముగ్గుబుట్టయింది. పాతికేళ్ళుగా సత్యానందం ఆ కొట్టు ముందు బండి ఆపలేదు.

దిగి వెళ్ళి నిలబడ్డాడు. సూరయ్య తలెత్తి చూశాడు గానీ పలకరించలేదు.

"సూరయ్యా, ఆ బూత్ లైను మద్దేనం ఎండకి పోయేది గదా. పొద్దెల్లినాక వచ్చేది."

సూరయ్య ఆయనను కింద నుంచి పైకి చూశాడు.

"అయితే? ఇప్పుడేటి రాస్తావు?"

"రాయడానికి కాదు," అన్నాడు సత్యానందం. "నీ గోడ మీద ఆ జాయింటు ఏసింది నానే. టంకం అయిపోతే ఊరికే మెలేసి టేపు సుట్టినాను. ఎండకి అది సాగి వదులైపోయుంటాది. నాలుగుసార్లు వచ్చినాను గానీ, ఒక్కసారి కూడా అది ఇప్పి సూడనేదు."

ఎదురుగా బస్సు ఒకటి ఆగి, మనుషులను దించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సూరయ్య బల్ల మీద కూల్‌డ్రింకు కేసు ఒకటి పక్కకు జరిపి, సత్యానందం కూర్చోవడానికి చోటు చేశాడు.

"మల్లీ సెప్పు," అన్నాడు. "మా గౌరి లోపలున్నాది. పాతికేళ్ళనించి దొంగ పెళ్ళాం అనిపించుకున్నాది. అది కూడా ఇనాల."